లిబ్‌లో పడేస్తే పనైపోతుందా?

ఈసారి వచ్చిన మెయిళ్లలో సగానికి సగం టామ్‌క్యాట్ (జావా వెబ్ అప్లికేషన్లను నడిపే సర్వర్) గోలే. అడిగిన తీరు వేరైనా తగాదా అంతా దాని లిబ్ ఫోల్డర్ ఒక్కదాని దగ్గరే కాబట్టి మిగతావి వచ్చే నెలకు వాయిదా వేసి వీటినే పట్టుకున్నాను.

ప్రశ్న: సార్, మా కాలేజీలో అడ్మిషన్లు, ఫీజులు, హాజరు, లైబ్రరీ, హాస్టల్ అని ఐదు జావా అప్లికేషన్లు ఒకే టామ్‌క్యాట్ 9 మీద నడుస్తున్నాయి. ఒక్కో వార్ ఫైల్ (అప్లికేషన్ మొత్తం కట్టిన మూట) 60 ఎంబీ అయ్యేసరికి, అన్నిటికీ కావలసిన జార్లు (జావా కోడ్ మూటలు) తీసి టామ్‌క్యాట్ లిబ్ ఫోల్డర్‌లో పెట్టేశాం. అడ్మిషన్ల అప్లికేషన్ స్టూడెంట్ వివరాలను అక్కడే ఉన్న ఒక క్యాష్‌లో (మెమరీలోని తాత్కాలిక నిల్వ) పెడుతుంది, ఫీజులది అక్కణ్నుంచి తీసుకుంటుంది. రెండేళ్లు బాగానే నడిచింది. పోయిన వారం ఫీజుల్లో కొత్త రిపోర్ట్ చేర్చాక, స్టూడెంట్ క్లాస్‌ను స్టూడెంట్ క్లాస్‌గా మార్చడం కుదరదంటూ క్లాస్ కాస్ట్ ఎక్సెప్షన్ వస్తోంది! పేరు అదే, ప్యాకేజీ అదే. ఎర్రర్ చివర ఒకచోట యూఆర్ఎల్ క్లాస్‌లోడర్ అని, ఇంకోచోట ప్యారలల్ వెబ్‌యాప్ క్లాస్‌లోడర్ అని ఉంది. ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా అంతే. పిచ్చెక్కుతోంది.
(కాకినాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీకూ ఎక్కలేదు, జావాకూ ఎక్కలేదు. అక్కడ నిజంగానే ఇద్దరు స్టూడెంట్లు ఉన్నారు. ఊళ్లో ఇద్దరు వెంకటేశ్వర్లు ఉంటే ఇంటిపేరు అడుగుతాం కదా, జావా కూడా అలాగే అడుగుతుంది. క్లాస్ పేరొక్కటే చాలదు, దాన్ని ఏ క్లాస్‌లోడర్ (క్లాసులను మెమరీలోకి తెచ్చే భాగం) తెచ్చిందన్నది కూడా కలిస్తేనే గుర్తింపు. మీరు రాసిన ఆ రెండు లోడర్ల పేర్లే ఇద్దరి ఇంటిపేర్లు, సమాధానం మీ ఎర్రర్‌లోనే ఉంది.

టామ్‌క్యాట్ లిబ్‌లో ఉన్న జార్లను కామన్ అనే ఒక్క లోడర్ తెస్తుంది, ఐదు అప్లికేషన్లకూ అదే (ఎర్రర్‌లో యూఆర్ఎల్ క్లాస్‌లోడర్ అని కనిపించింది దీన్నే). దాని కింద ఒక్కో అప్లికేషన్‌కు ఒక్కో సొంత లోడర్, అది వార్‌లో ఉండే వెబ్-ఇన్ఫ్ లోపలి క్లాసెస్ ఫోల్డర్, లిబ్ ఫోల్డర్ చూస్తుంది. మామూలు జావాలో ఏ క్లాస్ కావాలన్నా ముందు పై లోడర్‌ను అడగాలి, అక్కడ లేదంటేనే మనం వెతుక్కోవాలి. వెబ్ అప్లికేషన్‌లో ఇది తిరగబడుతుంది: జావా సొంత క్లాసులు, సర్వ్‌లెట్ ఏపీఐ (వెబ్ అప్లికేషన్ సర్వర్‌తో మాట్లాడే క్లాసులు) లాంటివి పక్కనపెడితే, ముందు తన ఇంట్లో చూసుకుని, దొరక్కపోతేనే పైకి వెళ్తుంది. అంటే ఇంట్లో ఒక కాపీ, లిబ్‌లో ఒక కాపీ ఉంటే ఇంట్లో ఉన్నదే గెలుస్తుంది.

మరి ఫీజుల ఇంట్లోకి స్టూడెంట్ ఎలా వచ్చాడు? కొత్త రిపోర్ట్ కోసం మీరు చేర్చిన జార్ తన వెంట స్టూడెంట్ ఉన్న జార్‌ను కూడా లాక్కొచ్చి ఉంటుంది, మావెన్ (బిల్డ్ చేసే పనిముట్టు) అడక్కుండానే దాన్ని వార్‌లో సర్దేసి ఉంటుంది. ప్రాజెక్టులో మావెన్ డిపెండెన్సీ ట్రీ కమాండ్ కొట్టి చూడండి, ఎవరి వేలు పట్టుకుని వచ్చిందో కొమ్మలతో సహా కనిపిస్తుంది. అప్పటికీ నమ్మకం కుదరకపోతే జేవీఎంకు (జావా ప్రోగ్రాములను నడిపేది) వెర్బోజ్ క్లాస్ ఆప్షన్ ఇచ్చి టెస్ట్ సర్వర్‌ను లేపండి. ప్రతి క్లాస్ ఏ జార్ నుంచి లోడయిందో లైన్ లైన్‌గా రాస్తుంది. లాగ్ కొండంత అవుతుంది, స్టూడెంట్ అని వెతికితే రెండు లైన్లు దొరుకుతాయి.

ఇవాళ్టికి గండం గట్టెక్కాలంటే స్టూడెంట్ ఉన్న ఆ జార్‌కు ప్రొవైడెడ్ స్కోప్ పెట్టి మళ్లీ బిల్డ్ చేయండి. ఇది సర్వర్ దగ్గర ఉంది, వార్‌లో పెట్టకు అని మావెన్‌కు చెప్పడం అన్నమాట. కానీ ఇంకో కొత్త జార్ చేర్చిన రోజు ఇదే కథ మళ్లీ రావచ్చు. అసలు జబ్బు ఆ క్యాష్. ఒక అప్లికేషన్ జావా ఆబ్జెక్టును ఇంకో అప్లికేషన్ చేతిలో పెట్టకండి. అడ్మిషన్ నంబర్ ఒక్కటి ఇవ్వండి చాలు, మిగతాది ఫీజులవాళ్లు డేటాబేస్ నుంచి తెచ్చుకుంటారు. మీరు అడగలేదు గానీ ఆ క్యాష్‌తో ఇంకో ముప్పు కూడా ఉంది. అది లిబ్‌లో ఉంది కాబట్టి సర్వర్ ఆగేదాకా బతికే ఉంటుంది. ఏదో ఒక అప్లికేషన్ తన సొంత క్లాస్‌తో చేసిన ఆబ్జెక్టు అందులో ఒక్కటి మిగిలినా, ఆ అప్లికేషన్‌ను తీసేసి కొత్తది డిప్లాయ్ చేసినప్పుడు పాతదాని లోడర్, దాని క్లాసులన్నిటితో సహా మెమరీలోనే కూర్చుంటుంది. నాలుగైదు డిప్లాయ్‌లయ్యాక మెటాస్పేస్ (క్లాసుల వివరాలు ఉండే మెమరీ) నిండిందంటూ సర్వర్ చతికిలబడుతుంది. టామ్‌క్యాట్ మేనేజర్ పేజీలో ఫైండ్ లీక్స్ అని ఒక బటన్ ఉంది, అలా మిగిలిపోయిన అప్లికేషన్ల పేర్లు చెబుతుంది. అది నొక్కితే ఫుల్ గార్బేజ్ కలెక్షన్ (వాడని మెమరీని ఊడ్చడం, అంతసేపు సర్వర్ స్తంభించవచ్చు) జరుగుతుంది, ఫీజులు కట్టే చివరి తేదీనాడు మాత్రం నొక్కకండి.

అసలు లిబ్‌లో ఏం ఉండాలి? నా లెక్కలో, సర్వర్‌కు స్వయంగా అవసరమైనవే. డేటాబేస్ డ్రైవర్ అలాంటిది. కనెక్షన్ పూల్‌ను (డేటాబేస్‌కు ముందే తెరిచి ఉంచే కనెక్షన్లు) టామ్‌క్యాట్ కాన్ఫిగరేషన్‌లో పెట్టుకుంటే ఆ పూల్ తయారుచేసేది సర్వరే, దానికి మీ వార్ లోపలున్న డ్రైవర్ కనపడదు. కింది లోడర్ పైకి చూడగలదు, పైది కిందికి చూడలేదు. పైగా డ్రైవర్ తన పేరును జేవీఎం మొత్తానికి ఒకటే ఉండే డ్రైవర్ మేనేజర్ దగ్గర నమోదు చేసుకుంటుంది. అది వార్ లోపలిదైతే అప్లికేషన్ వెళ్లిపోయినా పేరు అక్కడే వేలాడుతుంది. టామ్‌క్యాట్ అది చూసి బలవంతంగా కొట్టేసి, లాగ్‌లో హెచ్చరిక రాస్తుంది.

మిగిలినవన్నీ వార్‌లోకి వెళ్లాల్సిందే. 60 ఎంబీలు ఐదైతే 300 ఎంబీ, మీ సెక్షన్ వాట్సాప్ గ్రూపులో వచ్చే వీడియోలే అంతకంటే ఎక్కువ ఉంటాయి. మెమరీ కొంచెం పెరుగుతుంది, అది నిజమే, ముందు టెస్ట్ సర్వర్‌లో కొలిచి చూసుకోండి.

ఇంత పట్టుగా ఎందుకు చెబుతున్నానంటే ఒకసారి నేనే చేతులు కాల్చుకున్నాను. పాత ఉద్యోగంలో కామన్ అని ఒక జార్ ఉండేది, పేరులో వెర్షన్ నంబర్ కూడా ఉండేది కాదు, ఎవరికి తోచిన మెథడ్ వాళ్లు అందులో పడేసేవాళ్లు. అందులో తేదీలు సరిచేసే మెథడ్‌కు నేను ఇంకో పారామీటర్ తగిలించి, నా అప్లికేషన్‌ను కొత్తగా కంపైల్ చేసుకుని, లిబ్‌లో జార్ మార్చి, శుక్రవారం సాయంత్రం బస్సెక్కాను. సర్వర్ నవ్వుతూ లేచింది. జావా ఒక మెథడ్ ఉందో లేదో దాన్ని పిలిచినప్పుడు గానీ చూసుకోదు, అందుకే అంతా ప్రశాంతం. నెలాఖరున ఎవరో జీతాల స్లిప్పు తెరిచారు. ఆ అప్లికేషన్ పాత జార్‌తో కంపైల్ అయింది, నో సచ్ మెథడ్ ఎర్రర్. మూడు వారాల కిందట మార్చిన జార్ ఎవరికి గుర్తుంటుంది? నాక్కూడా లేదు.

కోడ్ పంచుకోండి, వద్దనను. కాకపోతే సర్వర్ ఫోల్డర్‌లో కాకుండా బిల్డ్ దగ్గర పంచుకోండి. నెక్సస్ లాంటి ఒక రిపోజిటరీ (జార్లు దాచే గిడ్డంగి) ఆఫీసులోనే పెట్టుకుని, ఉమ్మడి జార్‌ను వెర్షన్ నంబర్‌తో అందులో ఉంచండి. హాజరు వాళ్లు 2.3 మీద, ఫీజుల వాళ్లు 2.4 మీద ఉంటే ఉండనివ్వండి, ఎవరి వీలు వాళ్లది. ఒకసారి బయటికిచ్చిన నంబర్‌తో మాత్రం ఇంకో జార్ ఇవ్వొద్దు, చిన్న మార్పయినా సరే నంబర్ పెంచాల్సిందే.

ప్రశ్న: మీరు ఎప్పుడూ జార్లు ఎవరి వార్‌లో వాళ్లు పెట్టుకోవాలంటారు. 2021 డిసెంబరులో లాగ్4జే (లాగ్ రాసే జావా లైబ్రరీ) గోల వచ్చినప్పుడు మేము లిబ్‌లో ఒక్క జార్ మార్చి ఇంటికెళ్లి పడుకున్నాం. మా పక్క టీమ్‌వాళ్లు 22 వార్లు మళ్లీ బిల్డ్ చేస్తూ మూడు రోజులు ఆఫీసులోనే ఉన్నారు. ఇప్పుడేమంటారు?
(హైదరాబాద్ నుంచి ఒక సిస్టమ్ అడ్మిన్)

జవాబు: గట్టిగానే కొట్టారు, ఒప్పుకుంటున్నాను. ఉమ్మడి ఫోల్డర్ తరఫున చెప్పగలిగిన మాటల్లో అన్నిటికంటే బలమైనది ఇదే. 2.14.1 దాకా ఉన్న లాగ్4జే 2 వెర్షన్లకు, లాగ్‌లో రాయించే ఒక్క వాక్యంతో సర్వర్‌ను చేతిలోకి తీసుకోవచ్చని బయటపడింది, తీవ్రత స్కోరు 10కి 10. దానికి 2.15.0 వచ్చింది, అది చాలక 2.16.0, తర్వాత 2.17.0, ఆపైన 2.17.1, అన్నీ ఆ ఒక్క డిసెంబరులోనే. అంటే పక్క టీమ్ ఒకసారి కాదు, నాలుగుసార్లు అదే పని చేసి ఉండొచ్చు పాపం.

అయితే ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. పడుకునే ముందు మీ వార్ల లోపల చూశారా? పై జవాబులో చెప్పినట్టు అప్లికేషన్ ముందు తన ఇంట్లో వెతుక్కుంటుంది. ఏ డెవలపరో ప్రొవైడెడ్ పెట్టడం మర్చిపోయి, పాత 2.13 వెబ్-ఇన్ఫ్ లోపల మిగిలి ఉంటే, మీరు లిబ్‌లో 2.17.1 పెట్టినా ఆ అప్లికేషన్ పాతదాన్నే వాడుతుంది. అప్పట్లో చాలామందికి తలనొప్పి తెచ్చింది ఇదే, జార్ లోపల ఇంకో జార్, దాని లోపల క్లాసులు విప్పి మళ్లీ చుట్టిన మూడో జార్. ఫైల్ పేరు పట్టుకుని వెతికితే ఇవి దొరకవు, జార్ల లోపలికి వెళ్లి జేఎన్‌డీఐ లుకప్ అనే క్లాస్ కోసం వెతకాల్సి వచ్చింది. మీరు ఇప్పటికీ వెతకకపోతే ఈ శనివారం ఆ పని పెట్టుకోండి.

పక్క టీమ్‌కు మూడు రోజులు పట్టడానికి కారణం 22 వార్లు కాదు, ప్రతి వార్‌లో వెర్షన్ నంబర్ విడిగా రాసుకోవడం. అందరికీ ఒక పేరెంట్ పామ్ (అన్ని ప్రాజెక్టులకూ పైనుండే మావెన్ ఫైల్) ఉండి నంబర్లన్నీ అక్కడే ఉంటే, ఒక్కచోట మార్చి 22 బిల్డ్‌లు వరసగా నడపొచ్చు. బిల్డ్ బటన్ నొక్కే మెషీన్ ఉంటే మీతో పాటు వాళ్లూ ఇంటికెళ్లేవాళ్లు.

ఇంకో సంగతి, నడుస్తున్న సర్వర్ కింద జార్ మార్చి ఊరుకోకండి. కామన్ లోడర్ తనంతట తాను మళ్లీ లోడ్ చేయదు. సర్వర్‌ను ఆపి, పాత జార్ తీసేసి (పేరు మార్చి అక్కడే ఉంచితే కాదు, ఫోల్డర్ నుంచే బయటికి పంపండి), కొత్తది పెట్టి, అప్పుడు లేపండి. రెండు వెర్షన్లు పక్కపక్కనే ఉంటే ఏది ముందు దొరుకుతుందో చెప్పలేం, టెస్ట్ సర్వర్‌లో ఒకటి, ప్రొడక్షన్‌లో ఇంకోటి దొరికిన సందర్భాలు నేనే చూశాను.

ప్రశ్న: టామ్‌క్యాట్ 9 నుంచి 10కి మారుదామని పాత లిబ్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసి కొత్తదాంట్లో వేశాను. సర్వర్ లేవడమే లేదు. కొత్త లిబ్ తిరిగి పెడితే లేస్తోంది గానీ అప్లికేషన్లలో సర్వ్‌లెట్ క్లాస్ దొరకలేదంటోంది.
(విజయవాడ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అయ్యో, మొత్తం కాపీ చేశారా! ఆ ఫోల్డర్‌లో మీ జార్లతో పాటు టామ్‌క్యాట్ సొంత జార్లు కూడా ఉంటాయమ్మా, క్యాటలినా, సర్వ్‌లెట్ ఏపీఐ అన్నీ. పాత ఇంజను, కొత్త ఇంజను ఒకే బానెట్ కింద పెట్టినట్టయింది.

రెండో ఎర్రర్ మీ తప్పు కాదు. ఒరాకిల్ 2017లో జావా ఈఈని (సర్వ్‌లెట్‌లు అందులోనివే) ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగిస్తానని ప్రకటించింది గానీ ఆ ప్యాకేజీలకున్న జావాఎక్స్ అనే పేరును మార్పులు చేసుకుంటూ వాడుకోవడానికి ఒప్పందం కుదరలేదు. అందుకని 2020లో వచ్చిన జకార్తా ఈఈ 9లో ప్యాకేజీల పేర్లన్నీ జకార్తా అయ్యాయి. టామ్‌క్యాట్ 10 ఆ కొత్త పేర్లే ఎరుగుతుంది. మీ వార్లు పాత పేర్లతో అడుగుతున్నాయి. పాత వార్‌ను వెబ్‌యాప్స్ ఫోల్డర్‌లో కాకుండా వెబ్‌యాప్స్-జావాఈఈ అనే ఫోల్డర్‌లో పెట్టి చూడండి (లేకపోతే మీరే చేయండి), టామ్‌క్యాట్ 10 దాన్ని మార్చి డిప్లాయ్ చేసుకుంటుంది. ఆ సదుపాయం వార్లకే. సర్వ్‌లెట్‌లతో పనిచేసే ఉమ్మడి జార్ ఏదైనా లిబ్‌లో ఉంటే దాన్ని అపాచీ మైగ్రేషన్ టూల్‌తో మీరే మార్చుకోవాలి. ఎడిటర్‌లో జావాఎక్స్ అన్నచోటల్లా జకార్తా అని మార్చేస్తానంటారేమో, వద్దు. జావాఎక్స్ డాట్ ఎస్‌క్యూఎల్ లాంటివి జావాలోనివే, వాటి పేర్లు మారలేదు, అవి కూడా మార్చేస్తే కనెక్షన్లు పోతాయి.

ఇకమీదట మీ జార్లు, టామ్‌క్యాట్ జార్లు కలవకుండా చూసుకోండి. క్యాటలినా హోమ్ (టామ్‌క్యాట్ సొంత ఫైళ్ల ఫోల్డర్) ఒకటి, క్యాటలినా బేస్ (మీ ఫైళ్ల ఫోల్డర్) ఒకటి విడిగా పెట్టుకుంటే మీవన్నీ బేస్ కింద లిబ్‌లో ఉంటాయి, సర్వర్ మార్చేటప్పుడు హోమ్ ఒక్కటి మార్చితే చాలు. అంత ఎందుకనుకుంటే క్యాటలినా డాట్ ప్రాపర్టీస్ ఫైల్‌లో షేర్డ్ డాట్ లోడర్ అని ఒక లైన్ ఖాళీగా ఉంటుంది, అక్కడ మీ సొంత ఫోల్డర్ దారి రాసుకోండి. పాత 5.5లో షేర్డ్ అని వేరే ఫోల్డరే ఉండేది, 6 నుంచి అన్నీ ఒకే లిబ్‌లో కలిపేశారు. నాకైతే పాత పద్ధతే నచ్చేది.

ప్రశ్న: పైథాన్‌లో కూడా ఇదే తంటానా? సర్వర్‌లో పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలు వేసే పనిముట్టు) జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ వేయబోతే ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ అని తిట్టి వెళ్లగొట్టింది.
(వరంగల్ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: ఇదే తంటా, కాకపోతే అక్కడ ముందే తిడుతుంది. 2023లో వచ్చిన డెబియన్ 12లో, ఆ తర్వాతి ఉబుంటుల్లో సిస్టమ్ పైథాన్‌లోకి పిప్‌ను రానివ్వరు, ఎందుకంటే ఆపరేటింగ్ సిస్టమ్ పనిముట్లు కొన్ని దాని మీదే నడుస్తాయి. బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ అనే ఆప్షన్ పెడితే నడుస్తుందని నెట్‌లో ఎవరో ఒకరు చెబుతారు. ఆ ఆప్షన్ పేరు ఇంకోసారి నెమ్మదిగా చదువుకోండి. ప్రతి ప్రాజెక్టుకూ ఒక వెన్వ్ (ఆ ప్రాజెక్టు ప్యాకేజీలకు విడి ఫోల్డర్) చేసుకుని, జాంగో అందులో వేసుకోండి, రెండు నిమిషాల పని.