గదిలో పెట్టి తాళం వేస్తే మాత్రల అలవాటు మానుతాడా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా అబ్బాయికి 23 ఏళ్ళు, రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా ఉంటాడు. రెండేళ్ళ క్రితం చెరువులో రొయ్యలు పట్టే రోజున బరువులు మోసి నడుం పట్టేస్తే, మా ఆయన కాలు విరిగినప్పుడు డాక్టరు రాసిన ట్రమడాల్ క్యాప్సూల్ నేనే ఒకటి ఇచ్చాను. ఇప్పుడు రోజుకు పన్నెండు మింగుతున్నాడు. అందకపోతే దుప్పటి కప్పుకుని వణుకుతూ మా మీద అరుస్తాడు. మొన్న చెరువు గట్టు మీద పడి గిలగిలా కొట్టుకుంటే గాలి సోకిందని తాయెత్తు కట్టించాం. వారం రోజులు గదిలో పెట్టి తాళం వేస్తే మానుతాడా?

జవాబు: అమ్మా, తాళం మాత్రం వేయకండి. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది గట్టు మీద జరిగిన సంఘటన. ట్రమడాల్ మోతాదు మించితే ఫిట్స్ రావడం వైద్యులకు బాగా తెలిసిన విషయమే. పెద్దవారికి రోజుకు 400 మిల్లీగ్రాములు దాటనివ్వరు. మీవాడు మింగుతున్నవి 50 మిల్లీగ్రాములవే అనుకున్నా పన్నెండింటికి 600 అవుతుంది. చుట్టూ నీళ్ళు, నీటిలో గాలి కలిపే ఏరేటర్ల మోత, పిలిస్తే పలికే మనిషి లేని అర్ధరాత్రి. అక్కడ మళ్ళీ ఫిట్స్ వస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు కనుక, డాక్టరు సరేననేవరకు అతన్ని కాపలాకు పంపకండి.

ట్రమడాల్ నల్లమందు తరహాలో పనిచేసే నొప్పి మందు. శరీరం దానికి అలవాటుపడ్డాక, అందని పూట ఆవులింతలు, ముక్కు కారడం, కడుపులో మెలిపెట్టడం, విరేచనాలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. ఆ వణుకూ ఆ అరుపులూ పొగరు వల్ల వచ్చినవి కావు. హఠాత్తుగా ఆపితే కొందరికి విపరీతమైన భయం పుడుతుంది, లేనివి కనిపిస్తాయి. అంతకన్నా పెద్ద ప్రమాదం తలుపు తీశాక ఉంది: వారం మానేసరికి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది, అప్పుడు పాత లెక్కనే మింగితే, దానికి మద్యమో ఆల్ప్రాజోలం వంటి నిద్రమాత్రో తోడైతే, ఊపిరి ఆగిపోవచ్చు. అవి కూడా వాడుతున్నాడేమో మెల్లగా అడగండి. ఆల్ప్రాజోలం అలవాటైనవారు దాన్ని ఒక్కసారిగా ఆపినా ఫిట్స్ వస్తాయి. ఎప్పుడైనా లేపినా లేవకుండా, ఊపిరి బాగా నెమ్మదించి, పెదవులు నీలంగా కనిపిస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి.

కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. డాక్టర్లు మోతాదును క్రమంగా తగ్గించడమో, బదులుగా వేరే మందు ఇవ్వడమో చేస్తారు, ఆ నడుం నొప్పికీ దారి చూపిస్తారు. బయలుదేరే ముందు మాట్లాడాలనుకుంటే 14446 మత్తు విముక్తి సహాయ నంబరు ఉంది. పోలీసు కేసవుతుందని వెనకాడకండి. 2018లో ట్రమడాల్‌ను మాదకద్రవ్యాల చట్టం కిందకు తెచ్చిన మాట నిజమే, కానీ అలవాటుపడి తనంతట తాను చికిత్సకు వచ్చేవారికి రక్షణ కల్పించే సెక్షన్ 64ఏ కూడా ఆ చట్టంలోనే ఉంది.

మొదటి మాత్ర మీరే ఇచ్చానని కుమిలిపోతున్నారు. ఒకరికి రాసిన మందు ఇంకొకరికి ఇవ్వడం మన ఇళ్ళలో ప్రేమతో చేసే పొరపాటు. ఆ సంగతి అతనితో దాచకుండా చెప్పండి, తనొక్కడే దోషినన్న బరువు కొంత దిగుతుంది. ఇంట్లో మిగిలిన క్యాప్సూళ్ళు అతనికి అందని చోట పెట్టండి. కాకినాడ వెళ్ళేటప్పుడు అతను వాడి పడేసిన ఖాళీ స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకెళ్ళండి. ఏ మందు ఎంత మోతాదులో ఒంట్లోకి వెళ్ళిందో డాక్టరుకు వాటిని చూస్తేనే తెలుస్తుంది.