ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి పన్ను లేనిది ఇక్కడేనమ్మాయ్

చిరంజీవి అమ్మాయికి, గుంటూరు బ్రాడీపేట నుంచి పెదనాన్న దీవించి రాస్తున్నది.

"ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ వడ్డీకి ట్యాక్స్ లేదు కదా పెదనాన్నా" అన్నావు. అక్కడ సంపాదించి ఇక్కడికి పంపే డబ్బు దాచుకునే ఆ ఖాతా వడ్డీకి లేదు, ఇండియాలో. హెచ్1బీ మీద ఏడాదంతా డాలస్‌లోనే ఉంటున్నదానివి, ప్రపంచంలో ఎక్కడ వడ్డీ వచ్చినా అమెరికా రిటర్నులో చూపించాల్సిందే. ఇక్కడి బ్యాంకు మేనేజరు "ట్యాక్స్ ఫ్రీ మేడమ్" అన్నాడంటే అబద్ధమాడినట్టు కాదు. డిపాజిట్లు సేకరించేవాడికి నీ డాలస్ లెక్కలతో పనేముంది?

అసలు తలనొప్పంతా తేదీల దగ్గరే. బ్యాంకు వడ్డీ సర్టిఫికెట్ ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఇస్తుంది. మీకేమో జనవరి నుంచి డిసెంబరు. ఆ కాగితంలోని అంకె ఎత్తి అక్కడ రాసేయకు. కొత్త సంవత్సరం రాగానే పన్నెండు నెలల స్టేట్‌మెంట్ తెప్పించుకుని, వడ్డీ జమపడిన ప్రతి వరుసకీ టిక్కు పెట్టి కూడుకో. మూడేళ్ల క్యుములేటివ్ డిపాజిట్ అయినా, డబ్బు చేతికి రాకపోయినా, ఏ ఏటి వడ్డీ ఆ ఏడే చూపించాలి.

నీ పొలం కౌలులాంటి ఇక్కడి ఆదాయం పడే ఎన్‌ఆర్‌ఓ ఖాతా దారి వేరు. దాని వడ్డీలో సెస్సుతో కలిపి 31.2 శాతం టీడీఎస్, అంటే బ్యాంకే ముందుగా పట్టుకునే పన్ను, కోస్తారు. రెండు దేశాల ఒప్పందం ప్రకారం 15 శాతం దాటక్కర్లేదు. కానీ అడగనిదే అమ్మయినా పెట్టదు. నువ్వు అక్కడి నివాసివేనని అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ఇచ్చే రెసిడెన్సీ సర్టిఫికెట్, ఫారం 6166, బ్యాంకుకి ముందే అందాలి. లేదంటే ఎక్కువ కోసింది ఇక్కడ రిటర్ను వేసి రాబట్టుకోవాలి. ఇక్కడ కట్టిన పన్నుకి అక్కడ క్రెడిట్ (తగ్గింపు) అడిగినా 15 శాతం వరకే ఇస్తారు. అన్నట్టు, టీడీఎస్ కొయ్యొద్దని మీ అమ్మ సంతకం పెట్టించమంటున్న ఫారం ఇక్కడుండేవాళ్లదే, నువ్వు పెట్టకూడదు.

ఇంకోటి, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకు. అమెరికా బయట నీకున్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్, అంటే ఆ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి చెప్పే ఫారం, వేయాలి. అది ట్యాక్స్ రిటర్నులో భాగం కాదు, ఆన్‌లైన్‌లో విడిగా వేసేది. గడువు ఏప్రిల్ 15, తప్పితే దానంతటదే అక్టోబరు 15 దాకా పొడిగింపు. మీ నాన్న ఖాతాలో నీ పేరు జాయింటుగా ఉంది కదా, మిర్చి యార్డు డబ్బు నాలుగు రోజులు అందులో పడున్నా నీ లెక్కలోకే వస్తుంది. పన్ను కట్టేదేమీ ఉండదు, చెప్పకపోతే మాత్రం జరిమానా గట్టిగానే ఉంటుంది.

మీ నాన్న ఖాతా పాస్‌బుక్కులో నేను ఎంట్రీలు వేయించి ఫొటో పెడతాను. నువ్వు నీ స్టేట్‌మెంట్లు పంపు.