పడే నీళ్లకే కరెంటు: అల్లుడికి మామయ్య ఉత్తరం

అల్లుడూ,

మీ ఊరి మురుగు శుద్ధి ప్లాంటులో పడే నీళ్లతో కరెంటు తీద్దామని నువ్వు గీసిన డ్రాయింగులు అందాయి. రెండుసార్లు చూశాను. టర్బైన్ బొమ్మ ముచ్చటగా గీశావు గానీ, నాకు కావాల్సిన రెండు అంకెలూ అందులో లేవు. నీళ్లు ఎన్ని వస్తున్నాయి? ఎంత ఎత్తు నుంచి పడుతున్నాయి? "40 ఎమ్మెల్డీ ప్లాంటు" అని రాశావు, అంటే రోజుకు నలభై మిలియన్ లీటర్లు. అది శిలాఫలకం మీద చెక్కించిన అంకెరా. కాలువలో పారేది వేరే ఉంటుంది.

ముందు ఒక నోటిలెక్క గుర్తుపెట్టుకో. ఒక ఎమ్మెల్డీ నీళ్లు ఒక మీటరు కిందికి పడితే 113 వాట్లు. క్లోరిన్ ట్యాంకు దాటాక నీళ్లు వాగులోకి దూకే చోట మూడు మీటర్లు ఉందని ఫోన్‌లో అన్నావు. నలభైతోనూ మూడుతోనూ గుణిస్తే పదమూడున్నర కిలోవాట్లు. గొట్టమూ టర్బైనూ జనరేటరూ తినేది తినగా, చేతికి ఎనిమిది వస్తే గొప్ప. రాత్రీ పగలూ ఆగకుండా తిరిగినా రోజుకు 190 యూనిట్లు. మురుగులోకి గాలి ఊదే నీ బ్లోయర్లూ పంపులూ కలిసి రోజుకు ఎనిమిది వేల యూనిట్లు లాగుతున్నాయని నువ్వే చెప్పావు. అంటే నూటికి రెండున్నర కూడా పూర్తిగా రాదు. కమిషనర్ గారికి పెట్టిన నోట్‌లో "ప్లాంటు తన కరెంటు తానే తయారు చేసుకుంటుంది" అన్న వాక్యం ఉందే, అది ఈ రాత్రికే కొట్టెయ్. వీధి దీపాలు, ల్యాబు, ఆఫీసు నడుస్తాయని రాయి. అది నిజం, పైగా ఎవరూ నిన్ను నిలదీయలేరు.

మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచే డీఓ మీటరు ఎప్పుడు చూసినా నాలుగు చూపిస్తుంటే, బ్లోయర్లు తగ్గించి రెండుకు తెచ్చుకో. ఈ టర్బైన్ ఏడాదికి ఇచ్చేదాని కంటే అందులోనే ఎక్కువ మిగలొచ్చు. కానీ నీ మనసు టర్బైన్ మీద ఉందని నాకు తెలుసు.

పేపర్లో చదివానని జోర్డాన్ పేరు ఎత్తావు. అక్కడ అమ్మాన్ నగరం ఎత్తున ఉంది, అస్ సమ్రా ప్లాంటు పల్లంలో ఉంది. దాదాపు వంద మీటర్ల తేడా. అందుకే వాళ్లు మురుగు ప్లాంటులోకి వచ్చే దారిలో పెల్టన్ రకం టర్బైన్లు పెట్టారు, శుద్ధి అయి బయటికి పోయే దారిలో ఫ్రాన్సిస్ రకం టర్బైన్లు పెట్టారు. నువ్వు గమనించనిది ఒకటుంది. అమ్మాన్‌లో ఐన్ గజల్ దగ్గరే చెత్తా ఇసుకా తీసేసి, ఆ తర్వాతే గొట్టంలోకి వదులుతారు. శాన్‌డియేగోలో పాయింట్ లోమా ప్లాంటు కూడా అంతే. శుద్ధి చేసిన నీళ్లు సముద్రంలోకి పోయేలోపు దాదాపు 27 మీటర్లు పడతాయి, అక్కడ 1.35 మెగావాట్ల యంత్రం పెట్టారు. ఇద్దరికీ కొండ కలిసొచ్చింది. మనకు అంబర్‌పేటలో 339 ఎమ్మెల్డీ ప్లాంటు ఉంది కదా, అంత నీళ్లున్నా మీటరుకు లెక్కలో వచ్చేది 38 కిలోవాట్లే. ఎత్తు లేకపోతే ఎవరేం చేస్తారు?

ఎత్తు లేదని పంపుతో ఎత్తి పడేద్దామనుకునేవాళ్లు ఉంటారు, ఎత్తడానికి పోయే కరెంటు పడితే వచ్చేదాని కంటే ఎక్కువని మరిచిపోయి. నీ నాలుగో షీట్లో సంపు నుంచి ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఒక గీత ఉంది, దాన్ని నేను చూడలేదనుకుంటాను.

మురుగు లోపలికొచ్చే ఇన్‌లెట్ వైపు మాత్రం వెళ్లకు. చాలా ఏళ్ల కిందట, ఒక చిన్న ఊళ్లో, చెత్త ఆపే జాలీ, అదే స్క్రీన్‌కు ముందే ఒక చిన్న యంత్రం బిగించాం. బిగించమన్నవాణ్ని నేనే. ఐదో రోజుకు చప్పుడు మారింది, ఆరో రోజు ఆగిపోయింది. విప్పి చూస్తే చక్రం చుట్టూ ఒక లంగా నాడా, దానికి జుట్టు, ఆ జుట్టుకు షాంపూ పాకెట్లు వరసగా దండ గుచ్చినట్టు. ఫిట్టరు కత్తెర పెట్టి గంటసేపు కోశాడు. ఆ వాసన ఇంటిదాకా వచ్చింది, మీ అత్త రెండు రోజులు నన్ను వరండాలోనే పడుకోబెట్టింది.

అందుకే శుద్ధయ్యాక, చివరి మెట్టు దగ్గర పెట్టు. శుద్ధయిన నీళ్లే కదా అని మామూలు ఇనుము వాడకు. క్లోరిన్ దాన్ని కొరికేస్తుంది. పాచి ఎలాగూ పడుతుంది, జాలీ కడగడానికి మనిషి దిగేంత చోటు వదులు.

యంత్రం మాటకొస్తే, మూడు మీటర్లకు ఆర్కిమెడిస్ స్క్రూ, అంటే పొడవాటి మరలాంటిది, బాగుంటుంది. మురుగు ఎత్తిపోయడానికి చాలా ప్లాంట్లలో వాడే స్క్రూ పంపే అది, తిరగేసి తిప్పితే కరెంటిస్తుంది. నిదానంగా తిరుగుతుంది కాబట్టి చిన్నాచితకా చెత్త వచ్చినా పట్టించుకోదు. ఖరీదెక్కువ, చోటూ ఎక్కువ. చవకలో కావాలంటే సెంట్రిఫ్యూగల్ పంపునే ఉల్టా తిప్పి, దాని మోటార్నే జనరేటర్‌గా వాడొచ్చు. 1500 స్పీడు మోటారు 1530 దాకా తిరిగితే లైన్లోకి కరెంటు తోస్తుంది. చిక్కు ఎక్కడంటే, లైన్లో కరెంటు పోయిన మరుక్షణం మోటారుకు పట్టు ఉండదు, పిచ్చి స్పీడందుకుంటుంది. ఇంకో వింత, ఆ స్పీడులో ఈ రకం పంపు నీళ్లను మామూలు కంటే తక్కువ వదులుతుంది. వెనక కాలువ పొంగుతుంది. కరెంటు లేని రాత్రి, మోకాలిలోతు నీళ్లలో, టార్చి పళ్లతో పట్టుకుని గేటు తిప్పడం ఎలా ఉంటుందో నన్నడుగు. బైపాస్ కాలువ ఉండాల్సిందే, మనిషి లేకుండా దానంతటదే పొర్లి పోవాలి. ప్లాంటు ఉన్నది నీళ్లు శుభ్రం చేయడానికి, కరెంటు దాని వెనకాలే. లైను పోగానే యంత్రం లైన్నుంచి విడిపోయే రిలే కూడా పెట్టాలి, లేకపోతే ఆగిన లైన్లోకి మన కరెంటు పోవచ్చు. పైన స్తంభమెక్కిన లైన్‌మన్ ఇంట్లో పిల్లలుంటారు.

ఇంకోటి, నీ మూడు మీటర్లు ఏ నెలలో కొలిచావు? ఏప్రిల్‌లో అయితే అది ఏప్రిల్ లెక్కే. ఆగస్టులో వాగు ఉబ్బితే కింద మట్టం పైకొచ్చి, మూడు కాస్తా ఒకటవుతుంది. పైన నీళ్లు ఎక్కువ వచ్చే రోజుల్లోనే పడే ఎత్తు తగ్గిపోతుంది. వంతెన స్తంభం మీద వరద గుర్తులుంటాయి, చూసిరా. పక్కన పశువులు కాసే ముసలాయన్ని కూడా అడుగు.

ఈ లోపు ఒక పని చెయ్. అవుట్‌లెట్ వియర్ దగ్గర, అదే నీళ్లు పొర్లి దిగే అడ్డుగోడ దగ్గర, స్కేలు బిగించి, వారం రోజులు గంటగంటకూ మట్టం రాయి. పొద్దున ఏడు నుంచి పది దాకా ఊరంతా స్నానాలు చేసిన నీళ్లు వస్తాయి, తెల్లవారుజామున మూడింటికి సగానికి సగం పడిపోవచ్చు. యంత్రం సైజు ఆ తక్కువ అంకెకు దగ్గరగా పట్టాలి, శిలాఫలకానికి కాదు. రాత్రి రీడింగులు వాచ్‌మన్‌కు అప్పజెప్పకు. అతను పొద్దున్నే లేచి ఒకేసారి ఎనిమిది అంకెలు రాసేస్తాడు. అన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో ఉంటే నాకు తెలిసిపోతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అలా రాసినవాణ్నే.

మీ మామయ్య