ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో లైవ్ పెడితే 30కి బదులు 10 ఫ్రేములే వస్తున్నాయి, గంటకల్లా మాట పెదాలతో కలవట్లేదు, మధ్యలో తెగిపోతోంది. ఎక్కడ వెతకాలి?

మీరు చెప్పింది ఇదీ: లినక్స్ మీద ఒక యూఎస్‌బీ కెమెరా, విడిగా ఒక యూఎస్‌బీ మైకు, రెండింటినీ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ (వీడియో, ఆడియోల్ని కుదించి పంపే కమాండ్‌లైన్ ప్రోగ్రాం) ఒకే కమాండుతో ఆర్‌టీఎంపీ (లైవ్ వీడియో పంపే పద్ధతి) సర్వర్‌కి పంపుతున్నారు. 720పీలో 30 ఫ్రేములు అడిగితే 10 దగ్గరే ఆగుతోంది. గంట గడిచేసరికి మాట ఒకచోట, పెదాలు ఒకచోట. అప్పుడప్పుడు ‘బ్రోకెన్ పైప్’ (కనెక్షన్ తెగింది) అని పోతోంది. బిట్‌రేట్ (సెకనుకి పంపే డేటా) తగ్గించి చూశారు, మార్పు లేదు.

మార్పు ఉండదు. ఇవి మూడు వేర్వేరు తప్పులు. మొదటి రెండింటికీ బిట్‌రేట్‌తో సంబంధమే లేదు.

ముందుగా ఆ పొడవాటి కమాండును ముక్కలు చేయండి. (ఆప్షన్ల పేర్లు పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో రెండు మూడు మాటల పేర్ల మధ్య అండర్‌స్కోర్ ఉంటుంది, చూసుకుని టైప్ చేయండి.) మొదటి ముక్కలో కెమెరా ఒక్కటే ఉండాలి: ఎన్‌కోడర్ (వీడియోని కుదించే భాగం) ‘కాపీ’, అవుట్‌పుట్ ఫార్మాట్ ‘నల్’. అంటే దేన్నీ కుదించకుండా, ఎక్కడా రాయకుండా, కెమెరా నుంచి వచ్చింది వచ్చినట్టు పారబోయడం. ఇక్కడ ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) అంకె చూడండి. రెండో ముక్కలో ‘కాపీ’ తీసేసి ఎక్స్264 ఎన్‌కోడర్ పెట్టండి, అవుట్‌పుట్ మళ్లీ నల్‌కే. ఇక్కడ చూడాల్సింది ‘స్పీడ్’ అంకె: 1ఎక్స్ (కెమెరా ఇచ్చే వేగంతో సమానం) దగ్గర నిలబడాలి. 0.9కి, 0.8కి జారుతుంటే ప్రాసెసర్ అందుకోలేకపోతోందన్నమాట. మూడోది డిస్కు మీద ఎఫ్‌ఎల్‌వీ ఫైలుకి, నాలుగోది నెట్‌వర్క్‌కి. ఏ మెట్టు దగ్గర చెడిందో తెలిశాక సగం పని అయిపోయినట్టే. ఇలా విడదీయకపోతే ఎందుకు తప్పుదోవ పడతామో కింద చెబుతాను.

మీ 10 ఫ్రేముల సంగతి మొదటి మెట్టులోనే తేలిపోతుంది. లాగ్‌లో పైకి వెళ్లి చూడండి, ‘డ్రైవర్ ఒక్కో ఫ్రేము వ్యవధిని 1/30 నుంచి 1/10కి మార్చింది’ అనే అర్థం వచ్చే వాక్యం ఒకటి ఉండాలి. అందరూ చివరి ఎర్ర లైను చదువుతారు, ఈ లైను మాత్రం ఎవరి కంటా పడదు.

కారణం లెక్కలోనే ఉంది. ఏమీ చెప్పకపోతే చాలా కెమెరాలు కుదించని వైయూవైవీ ఫార్మాట్‌లో ఇస్తాయి, అంటే పిక్సెల్‌కి 2 బైట్లు. 1280 × 720 × 2 అంటే ఫ్రేముకి 18,43,200 బైట్లు. దాన్ని 30తో గుణిస్తే సెకనుకి 55 మెగాబైట్లు దాటుతుంది. యూఎస్‌బీ 2.0లో వెబ్‌క్యామ్‌లు వాడే ఐసోక్రోనస్ పద్ధతిలో (బ్యాండ్‌విడ్త్ ముందే రిజర్వు చేసుకునేది) ఒక ఎండ్‌పాయింట్‌కి, అంటే ఒక డేటా దారికి, గరిష్ఠంగా దొరికేది సెకనుకి సుమారు 24.6 మెగాబైట్లు (మైక్రోఫ్రేముకి 3 × 1024 బైట్లు, సెకనుకి 8000 మైక్రోఫ్రేములు). 720పీలో 10 ఫ్రేములంటే 18.4 మెగాబైట్లు, పడుతుంది. 640 × 480లో 30 ఫ్రేములన్నా సరిగ్గా అదే 18.4. 1080పీలో 5 ఫ్రేములకి 20.7, ఆరో ఫ్రేము పట్టదు. చవక కెమెరాల స్పెసిఫికేషన్లలో 30, 10, 5 అనే వింత అంకెలు కనిపించేది ఇందుకే. కెమెరా చెడిపోలేదు, కేబులూ బాగానే ఉంది.

మందు: ‘ఇన్‌పుట్ ఫార్మాట్’ అనే ఆప్షన్‌కి ‘ఎంజేపెగ్’ (ప్రతి ఫ్రేమునీ కెమెరాలోనే జేపెగ్ బొమ్మగా కుదించి పంపే ఫార్మాట్) ఇవ్వండి. మీ కెమెరా ఏ ఫార్మాట్‌లో ఏ సైజుకి ఎన్ని ఫ్రేములు ఇస్తుందో వీఫోర్‌ఎల్‌టూ-సీటీఎల్ అనే లినక్స్ కెమెరా టూల్‌లో ‘లిస్ట్-ఫార్మాట్స్-ఈఎక్స్‌టీ’ చూపిస్తుంది. అందులో లేని జోడీ అడిగితే డ్రైవర్ మారు మాట్లాడకుండా దగ్గర్లో ఉన్నదాన్ని అంటగడుతుంది.

ఇక్కడే ఇంకో రెండు మెలికలు. ఇన్‌పుట్‌కి సంబంధించిన ఆప్షన్లన్నీ ఆ ఇన్‌పుట్ తాలూకు ‘మైనస్ ఐ’కి ముందే రావాలి. తర్వాత రాస్తే అవి అవుట్‌పుట్‌కి వర్తిస్తాయి, లేదా ఆ పక్కనున్న ఇంకో ఇన్‌పుట్‌కి అంటుకుంటాయి. రెండోది, కెమెరాకి ‘ఫ్రేమ్‌రేట్’ ఆప్షనే వాడండి, ‘మైనస్ ఆర్’ వద్దు. అవుట్‌పుట్ వైపు ‘మైనస్ ఆర్ 30’ పెట్టి సమస్య తీరిందనుకునేవాళ్లు చాలామంది. స్టేటస్ లైనులో ‘డప్’ అంకె పెరుగుతూ పోతోందంటే అవి కొత్త ఫ్రేములు కావు, పాతవాటి నకళ్లు.

ఎంజేపెగ్ పెట్టినా పగలు 30, రాత్రి 15 వస్తుంటే అది గది వెలుతురు తంటా. ఆటో ఎక్స్‌పోజర్ చీకట్లో షట్టర్‌ని ఎక్కువసేపు తెరిచి ఉంచడానికి ఫ్రేములు తగ్గించేస్తుంది. వీఫోర్‌ఎల్‌టూ-సీటీఎల్‌లో ‘ఎక్స్‌పోజర్ డైనమిక్ ఫ్రేమ్‌రేట్’ అనే కంట్రోల్‌ని 0 చేయండి (పాత కెర్నెళ్లలో దాని పేరు ‘ఎక్స్‌పోజర్ ఆటో ప్రయారిటీ’). బొమ్మ కాస్త నల్లబడుతుంది, కానీ ఫ్రేములు నిలబడతాయి. లైటు ఒకటి పెంచుకోవడం అన్నిటికన్నా మేలు.

రెండో కెమెరా తగిలించే ఉద్దేశం ఉంటే ఒక మాట. స్ట్రీమ్ మొదలవగానే ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’ అని వస్తే డిస్కు ఖాళీ చేయడానికి పరిగెత్తకండి. ఆ లైనులో ‘విడ్‌ఐఓసీ స్ట్రీమ్ఆన్’ అని ఉంటే నిండింది యూఎస్‌బీ బ్యాండ్‌విడ్త్. మొదటి కెమెరా తనకు కావాల్సినంత ముందే రిజర్వు చేసుకుని కూర్చుంది, రెండోదానికి చోటు లేదు. ఒకే హబ్బులో రెండు పోర్టులు మార్చి చూసి లాభం లేదు, వేరే కంట్రోలర్‌కి వెళ్లాలి. ఏది దేని కింద ఉందో ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ మైనస్ టీ’ చెట్టులా చూపిస్తుంది. అలాగే /డెవ్/వీడియో0, వీడియో1 అన్న అంకెల్ని నమ్మకండి. రీబూట్‌కి మారిపోతాయి, పైగా ఒకే కెమెరాకి రెండు నోడ్‌లు ఉండి వాటిలో ఒకటి మెటాడేటాది అయ్యుండొచ్చు. /డెవ్/వీఫోర్‌ఎల్/బై-ఐడీ కింద ఉన్న పేరు స్థిరంగా ఉంటుంది.

ఇక ఆడియో. ‘ఏరికార్డ్ మైనస్ ఎల్’తో కార్డు నంబరు చూసి ‘హెచ్‌డబ్ల్యూ’ పేరుతో తెరుస్తుంటే హార్డ్‌వేర్ ఇచ్చేదే అడగాలి. మోనో మైకుని 2 చానెళ్లు అడిగితే ‘కెనాట్ సెట్ చానెల్ కౌంట్’ అంటుంది. చానెల్ 1 అని చెప్పండి, లేదంటే పేరుని ‘ప్లగ్‌హెచ్‌డబ్ల్యూ’గా మార్చండి, ఆల్సాయే (లినక్స్ ఆడియో వ్యవస్థ) మార్చిపెడుతుంది. ‘డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ’ వస్తే పల్స్‌ఆడియో, పైప్‌వైర్ అనే డెస్క్‌టాప్ సౌండ్ సర్వర్లలో ఒకటి దాన్ని ముందే పట్టుకుని ఉంటుంది. ‘ఫ్యూజర్ మైనస్ వీ’ని /డెవ్/ఎస్‌ఎన్‌డీ కింది ఫైళ్ల మీద నడిపితే ఎవరో తెలుస్తుంది. డెస్క్‌టాప్ సిస్టమ్ అయితే వాటితో పోట్లాడకుండా ఇన్‌పుట్‌నే ‘పల్స్’గా మార్చుకోవడం నయం.

మాట పెదాలతో కలవకపోవడానికి మూడు రూపాలున్నాయి, మందులు వేర్వేరు. కెమెరా ముందు ఒకసారి చప్పట్లు కొట్టండి, అరగంట తర్వాత మళ్లీ కొట్టండి, డిస్కు మీది రికార్డింగ్‌లో రెండూ చూడండి.

రెండుచోట్లా తేడా ఒకటే అయితే అది మొదలుపెట్టడంలో వచ్చిన తేడా. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఇన్‌పుట్‌లని ఒకదాని తర్వాత ఒకటి తెరిచి, ప్రతిదాని మొదటి టైమ్‌స్టాంప్‌నీ సున్నాగా లెక్కేస్తుంది. రెండూ నిజంగా ఒకే క్షణంలో మొదలవ్వవు కదా. మాట ముందొస్తుంటే మైకు ఇన్‌పుట్‌కి ముందు ‘ఐటీఎస్‌ఆఫ్‌సెట్ 0.2’ లాంటిది పెట్టి, చప్పట్లు కలిసేదాకా సర్దండి.

మొదట బాగుండి మెల్లగా దూరమవుతుంటే, మీది ఇదే అనిపిస్తోంది, అది క్లాకుల తేడా. కెమెరాకి ఒక క్రిస్టల్, మైకుకి ఇంకొకటి. పది లక్షలకి 50 వంతుల తేడా చిన్నదే అనిపిస్తుంది. 48000 శాంపిళ్లకి సెకనుకి 2.4 శాంపిళ్లు, గంటకి 8640, అంటే 0.18 సెకను. పెదాల కదలికలో అది తెలిసిపోతుంది. దీనికి ఐటీఎస్‌ఆఫ్‌సెట్ పనికిరాదు. ఆడియో ఫిల్టర్‌గా ‘ఏరీశాంపుల్’ పెట్టి అందులో ‘ఎసింక్ = 1000’ ఇవ్వండి. సెకనుకి 1000 శాంపిళ్ల దాకా సాగదీయడానికో కుదించడానికో అనుమతి ఇచ్చినట్టు. నిజంగా వాడుకునేది రెండు మూడే కాబట్టి చెవికి ఏమీ తెలియదు. 1 అని ఇస్తే సాగదీయదు, ఖాళీలు నింపి మిగులు కత్తిరిస్తుందంతే.

ఒక్కసారిగా అర సెకను దూకితే అది క్లాకు కాదు, శాంపిళ్లు పోయాయి. లాగ్‌లో ‘ఆల్సా బఫర్ ఎక్స్‌రన్’ కోసం వెతకండి. ఎన్‌కోడర్ ఎక్కడో ఆగిపోతే మైకు బఫర్ నిండి పొంగుతుంది. ప్రతి ఇన్‌పుట్‌కి ముందూ విడివిడిగా ‘థ్రెడ్ క్యూ సైజ్ 1024’ పెట్టండి, ఒకదానికే పెడితే రెండోదానికి రాదు. అయితే క్యూ పెంచడం క్షణికమైన ఆగుళ్లని మింగడానికే. స్పీడ్ నిలకడగా 0.9 ఉంటే ఎంత పెద్ద క్యూ అయినా కాసేపటికి నిండుతుంది.

విడదీయకపోతే తప్పుదోవ పడతామని పైన అన్నది ఇదే. ఆర్‌టీఎంపీ నడిచేది టీసీపీ మీద, దారిలో దేన్నీ వదిలేయదు. అప్‌లోడ్ నెమ్మదిస్తే రాసేవాడు ఆగుతాడు, వాడి వెనక ఎన్‌కోడర్ ఆగుతుంది, దాని వెనక ఇన్‌పుట్ క్యూ నిండుతుంది, ‘క్యూ నిండింది’ అన్న హెచ్చరిక కెమెరా పేరు మీద వస్తుంది. జనం కొత్త కెమెరా కొంటారు. అదే కమాండు నల్‌కి పంపితే గంటసేపు 1ఎక్స్ దగ్గర ఉండి, నెట్‌వర్క్‌కి పంపితేనే జారుతుంటే, కెమెరాని వదిలేయండి.

ఎన్‌కోడర్‌కి నేను ఇచ్చే విలువలు: ప్రీసెట్ ‘వెరీఫాస్ట్’, వీడియో బిట్‌రేట్ 2500కే, మ్యాక్స్‌రేట్ 2500కే, బఫ్‌సైజ్ 5000కే, జీ 60 (30 ఫ్రేములకి 2 సెకన్లకో కీఫ్రేము, అంటే పూర్తి బొమ్మ ఉన్న ఫ్రేము), పిక్సెల్ ఫార్మాట్ వైయూవీ420పీ, ఆడియో ఏఏసీ 128కే. బఫ్‌సైజ్ లేకుండా మ్యాక్స్‌రేట్ ఒక్కటే ఇస్తే అది పనిచేయదు. పిక్సెల్ ఫార్మాట్ మరిచిపోవద్దు. ఎంజేపెగ్ కెమెరా 4:2:2 (రంగు వివరం ఎక్కువుండే రూపం) ఇస్తే ఎక్స్264 అదే ప్రొఫైల్‌లో కుదించేస్తుంది, స్క్రీన్ క్యాప్చర్ అయితే 4:4:4లో. మీ కంప్యూటర్‌లో చక్కగా ఆడుతుంది, చూసేవాళ్ల బ్రౌజర్‌లో నల్ల తెర. ‘రియల్‌టైమ్‌లో చదువు’ అనే ‘మైనస్ ఆర్‌ఈ’ని కెమెరాకి పెట్టకండి, అది ఫైలుని లైవ్‌లా పంపడానికి. లైవ్ డివైస్‌కి పెడితే ప్యాకెట్లు పోతాయి.

తెగిపోవడానికి వద్దాం. వీడియో, ఆడియో కలిపి సెకనుకి 2.6 మెగాబిట్లు పోతున్నాయి. అప్‌లోడ్ నిలకడగా 4 నుంచి 5 లేకపోతే తెగే ప్రమాదం ఉంది. స్పీడ్ టెస్టులో ఒక్క క్షణం కనిపించే గరిష్ఠం లెక్కలోకి రాదు. మొదలవగానే తెగితే స్ట్రీమ్ కీ (సర్వర్ మీకిచ్చిన రహస్య సంకేతం) తప్పో, యూఆర్‌ఎల్ చుట్టూ కోట్ గుర్తులు లేకపోవడమో చూడండి. అడ్రసులో ఆంపర్‌సాండ్ గుర్తు ఉండి కోట్స్ లేకపోతే షెల్ అక్కడికే కమాండు కత్తిరించి బ్యాక్‌గ్రౌండ్‌కి పంపుతుంది.

రికార్డింగ్ కూడా కావాలంటే రెండుసార్లు ఎన్‌కోడ్ చేయకండి, ‘టీ’ మక్సర్ (ఒకసారి ఎన్‌కోడ్ చేసినదాన్ని రెండుచోట్లకి పంపేది) వాడండి: ఒక పాయ ఎఫ్‌ఎల్‌వీగా సర్వర్‌కి, ఇంకోటి ఎంకేవీగా డిస్కుకి. ‘మ్యాప్’లు స్వయంగా ఇవ్వాలి, ‘గ్లోబల్ హెడర్’ ఫ్లాగ్ పెట్టాలి. సర్వర్ పాయకి ‘ఆన్‌ఫెయిల్ = ఇగ్నోర్’ ఇస్తే నెట్ పోయినా రికార్డింగ్ సాగుతుంది. పోకుండా నెమ్మదిస్తే మాత్రం రెండూ కలిసి ఆగుతాయి, అందుకు ‘యూజ్ ఫిఫో 1’ కూడా అవసరం. డిస్కు ఫైలు ఎంపీ4 వద్దు. దాని సూచిక మూసేటప్పుడే రాస్తారు, కరెంటు పోతే ఫైలు మొత్తం తెరుచుకోదు. ఎంకేవీ అయితే పోయినచోటి వరకు దక్కుతుంది.

స్క్రిప్టులోంచి, బ్యాక్‌గ్రౌండ్‌లో నడిపేటప్పుడు ‘నోఎస్‌టీడీఐఎన్’ తప్పనిసరి. లేకపోతే కీబోర్డు కోసం చూస్తూ ప్రాసెస్ ‘స్టాప్డ్’లో నిలబడుతుంది, ఏ లోపమూ చెప్పదు.

ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే ‘రిపోర్ట్’ ఆప్షన్‌తో ఒక్కసారి నడపండి, అదే ఫోల్డర్‌లో తేదీ పేరుతో లాగ్ ఫైలు వస్తుంది. దాన్ని కింద పెట్టండి, ఎన్నో మెట్టు దగ్గర చెడిందో కూడా రాయండి. లాగ్ మొదట్లో మీ పూర్తి కమాండు ఉంటుంది, స్ట్రీమ్ కీతో సహా. అది చెరిపేసి పెట్టండి. ఇప్పటికే ఎక్కడైనా అతికించి ఉంటే కీ మార్చేసుకోండి.