టెక్ సందేహాలు: డబ్‌స్టెప్‌లో బాస్ వినబడకపోతే బూస్టర్ యాప్ జోలికి వెళ్లకండి

ప్రశ్న: డబ్‌స్టెప్‌లో బాస్ అదిరిపోతుందని అందరూ అంటుంటే వినడం మొదలుపెట్టాను. ఫోన్‌లో డ్రమ్స్ టకటక తప్ప ఏమీ లేదు. చిన్న బ్లూటూత్ స్పీకర్‌లోనూ అంతే. మంచి బాస్ బూస్టర్ యాప్ ఏదైనా చెప్పండి. (ఇంజినీరింగ్ విద్యార్థి, గుంటూరు)

జవాబు: ఏదీ వద్దు. ఈ ప్రశ్న ఏదో ఒక ఊరి నుంచి వస్తూనే ఉంది కాబట్టి ఈసారి వివరంగా చెబుతాను.

డబ్‌స్టెప్ అంటే లోతైన బాస్ (బాగా తక్కువ పౌనఃపున్యపు శబ్దం) చుట్టూ అల్లిన ఎలక్ట్రానిక్ నృత్య సంగీతం. అది 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో దక్షిణ లండన్‌లో, ముఖ్యంగా క్రోయ్‌డన్ కుర్రాళ్ల చేతుల్లో రూపు దిద్దుకుంది. ఆ ట్రాకులు క్లబ్బుల్లోని భారీ సౌండ్ సిస్టమ్‌ల కోసం తయారయ్యాయి. 2001లో మొదలైన ‘ఫార్వర్డ్’ క్లబ్ రాత్రుల్లో, 2005 నుంచి బ్రిక్స్‌టన్‌లో జరిగిన డీఎంజెడ్ రాత్రుల్లో జనం వెళ్లింది ఆ అడుగు బాస్‌ను ఒంటితో అనుభవించడానికి. దాన్నే సబ్ బాస్ అంటారు. అది ఎక్కువగా 30 నుంచి 60 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. మీ ఫోన్ స్పీకర్ 200 హెర్ట్జ్ దిగువకు వచ్చేసరికే చేతులెత్తేస్తుంది. అరచేతిలో పట్టే బ్లూటూత్ స్పీకర్ 80 దగ్గర నీరసిస్తుంది. అంటే పాటలో అసలు సరుకు మీ చెవిదాకా రావడమే లేదు. లేని స్పీకర్‌ను ఏ యాప్ సృష్టించలేదు. ఆ యాప్ చేయగలిగింది సిగ్నల్‌ను గరిష్ఠ పరిమితికి నెట్టడమే. అప్పుడు శబ్ద తరంగాల శిఖరాలు తెగి, బాస్ బదులు గరగర వస్తుంది.

మీ పరికరం ఎక్కడిదాకా దిగుతుందో మీరే చూసుకోవచ్చు. ‘40 హెర్ట్జ్ సైన్ టోన్’ అని వెతికితే బ్రౌజర్‌లోనే వినిపించే టోన్ జనరేటర్లు దొరుకుతాయి. దేన్నీ డౌన్‌లోడ్ చేయకండి. వాల్యూమ్ తక్కువలో 100తో మొదలుపెట్టి 80, 60, 50, 40కి దిగండి. ఎక్కడ శబ్దం పలచబడిపోతుందో అదే మీ పరికరం హద్దు. 40 దగ్గర బుర్రుమని వినబడితే సంబరపడకండి. అది సాధారణంగా స్పీకర్ వణకడం వల్ల పుట్టే పై స్వరాల చప్పుడు. అసలు 40 హెర్ట్జ్ మెత్తగా, దాదాపు ఒత్తిడిలా తెలుస్తుంది.

కొత్త హెడ్‌ఫోన్స్ కొనే ముందు ఒక పని చేయండి. చెవిలోకి దూరే ఇయర్‌బడ్స్ ఉంటే రబ్బరు టిప్స్ మార్చి చూడండి. డబ్బాతో వచ్చే మూడు సైజుల్లో చాలామంది మధ్య సైజు తగిలించుకుని మిగతావి పారేస్తారు. టిప్ చుట్టూ సన్నని సందు ఉన్నా సబ్ బాస్ మొత్తం ఆ సందులోంచే పోతుంది. ఒక్కో చెవికి ఒక్కో సైజు పట్టడం మామూలే. సరిగ్గా కూర్చుంటే మీ సొంత గొంతు మీకే లోపల మూసుకుపోయినట్టు వినిపిస్తుంది. రబ్బరు లేకుండా చెవి గుమ్మంలో వేలాడే రకం ఇయర్‌బడ్స్ ఈ సంగీతానికి పనికిరావు. వాటికి ‘డీప్ బాస్’ అని పేరు పెట్టి అమ్మడం కొనేవాళ్లను తప్పుదారి పట్టించడమే.

ఈక్వలైజర్ (ఒక్కో స్వర పట్టీని విడిగా పెంచి తగ్గించే సాధనం) వాడాలనుకుంటే ఫోన్‌లో ఉన్నదే చాలు. 60 హెర్ట్జ్ పట్టీని 4 డెసిబెల్స్ పెంచితే, ప్రీ-ఆంప్ (మొత్తం సిగ్నల్ స్థాయిని మార్చే మీట) ఉన్నచోట దాన్ని 4 డెసిబెల్స్ తగ్గించండి. ప్రీ-ఆంప్ లేకపోతే బాస్ పెంచకుండా మిగతా పట్టీలను దించండి. ఫలితం అదే, గరగర ఉండదు.

స్పీకర్లతో గదిలో వింటున్నవాళ్లకు మరో చిక్కు ఉంది. 40 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. 12 అడుగుల పొడవున్న గదిలో 47 హెర్ట్జ్ దగ్గర తరంగం గోడల మధ్య నిలబడిపోతుంది. గోడల పక్కన అది ఉబ్బుతుంది, నడిమధ్యన దాదాపు మాయమవుతుంది. మంచం సరిగ్గా ఆ మధ్యలో ఉంటే ఎంత ఖరీదైన సబ్‌వూఫర్ పెట్టినా లాభం లేదు. తల రెండడుగులు జరిపి వినండి, తేడా వెంటనే తెలుస్తుంది.

బాస్ తగిలేదాకా వాల్యూమ్ పెంచుకుంటూ పోవడం మాత్రం ప్రమాదం. మన చెవి తక్కువ పౌనఃపున్యాలను మందంగా వింటుంది. బాస్ చాలట్లేదని పెంచిన ప్రతిసారీ పై స్వరాలు చెవిని కొడుతుంటాయి. పెద్దలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిమితి 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. ముందు టిప్స్ సరిచేయండి, తర్వాతే వాల్యూమ్.

ప్రశ్న: పాత డబ్‌స్టెప్ ఆల్బమ్‌లు వినడానికి ఒక స్ట్రీమింగ్ యాప్ ‘ప్రీమియం అన్‌లాక్డ్’ ఏపీకేను (ఆండ్రాయిడ్ యాప్ ఫైలును) గ్రూపులో వచ్చిన లింక్ నుంచి వేసుకున్నాను. ప్రకటనలు లేవు, బాగానే ఉంది. యాక్సెసిబిలిటీ పర్మిషన్ అడిగితే ఇచ్చాను. ఇబ్బందేమైనా ఉంటుందా? (ప్రైవేటు ఉద్యోగి, కరీంనగర్)

జవాబు: ఉంది. ఈ సంచిక మొత్తంలో నన్ను భయపెట్టిన ఉత్తరం ఇదే.

ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్‌కూ తయారీదారు డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ రహస్య కీ వాళ్ల దగ్గరే ఉంటుంది. యాప్‌ను విప్పి, ప్రకటనలు తీసేసి, మళ్లీ కట్టినవాడు సొంత సంతకం పెట్టక తప్పదు. అంటే మీ ఫోన్‌లో ఉన్నది పేరుకూ బొమ్మకూ ఆ యాప్, నిజానికి ముక్కూ ముఖం తెలియనివాడి ప్రోగ్రామ్. స్టోర్ నుంచి అప్‌డేట్లు దానికి రావు. లోపల ఇంకేం కలిపాడో చూసి చెప్పే దిక్కు లేదు.

పాటలు వినిపించే యాప్‌కు యాక్సెసిబిలిటీతో పనేమిటి? ఆ సదుపాయం చూపు లేనివాళ్లకు తెరపై ఉన్నది చదివి వినిపించడానికి, చేతులు సహకరించనివాళ్ల తరఫున బటన్లు నొక్కడానికి పెట్టింది. అది దక్కిన దొంగ యాప్ మీ బ్యాంకు యాప్ తెరను చదవగలదు, మీ బదులు నొక్కగలదు, ఓటీపీ కనబడగానే అందుకోగలదు. తనను తీసేయాలని సెట్టింగ్స్ తెరిస్తే ఆ పేజీనే మూసేయగలదు. ఈ బెడద తెలిసే ఆండ్రాయిడ్ 13 నుంచి బయటి ఏపీకేలకు ఆ పర్మిషన్ మొదట దొరకకుండా అడ్డు పెట్టారు. యాప్ సమాచారం పేజీలో ‘పరిమితం చేసిన సెట్టింగ్స్‌ను అనుమతించు’ అని ప్రత్యేకంగా నొక్కితే తప్ప రాదు. అలా నొక్కమని నేర్పే వీడియోలు బోలెడు. ఏ వీడియో ఆ మాట అన్నా అక్కడే ఆపేయండి.

ఇప్పుడు చేయాల్సింది ఈ వరుసలోనే చేయండి. ముందు ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, వైఫై కూడా ఆగిందో లేదో చూసుకోండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి ఆ యాప్‌ను ఆపండి. తర్వాత డివైస్ అడ్మిన్ యాప్‌లు, నోటిఫికేషన్ యాక్సెస్, ‘ఇతర యాప్‌లపై కనిపించడం’ అనే మూడు చోట్లా దాని పేరు ఉందేమో వెతికి తీసేయండి. ఆ తర్వాతే అన్‌ఇన్‌స్టాల్. పేజీ దానంతటదే మూసుకుపోతుంటే సేఫ్ మోడ్‌లోకి వెళ్లండి. చాలా ఫోన్లలో పవర్ మెనూలోని ‘పవర్ ఆఫ్’ను నొక్కి పట్టుకుంటే ఆ అవకాశం వస్తుంది. సేఫ్ మోడ్‌లో బయటి యాప్‌లు నడవవు కాబట్టి తీసేయడం కుదురుతుంది.

మీరు పర్మిషన్ ఇచ్చేశారు కాబట్టి అక్కడితో ఆగకండి. ఫొటోలు కంప్యూటర్‌కు కాపీ చేసుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. తిరిగి పెట్టుకునేటప్పుడు పాత బ్యాకప్ నుంచి యాప్‌లను గంపగుత్తగా తెచ్చుకోవద్దు, స్టోర్ నుంచి ఒక్కొక్కటీ వేసుకోండి. ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు, యూపీఐ పిన్ వేరే ఫోన్ నుంచి మార్చండి. వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’ చూసి తెలియనివి తొలగించండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే క్షణం ఆలస్యం లేకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకూ చెప్పండి. డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపగలిగితేనే తిరిగొచ్చే ఆశ ఉంటుంది.

కంప్యూటర్‌లో వినేవాళ్లకూ ఒక మాట. ‘ఎంపీ3’ అని దించుకున్న ఫైలు చివర ‘ఈఎక్స్ఈ’ దాక్కుని ఉండొచ్చు, అంటే అది పాట కాదు, ప్రోగ్రామ్. విండోస్ ఆ చివరి భాగాన్ని మొదటి నుంచీ దాచి చూపించడం ఇన్నేళ్లయినా మారని నిర్లక్ష్యం. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ ఆన్ చేసుకోండి. పాట అన్నది ఎప్పుడూ ఇన్‌స్టాల్ చేయమని అడగదు.

ఇంత ముప్పు కొని తెచ్చుకోవలసిన అవసరం అసలు లేదు. రిన్స్ ఎఫ్ఎం లండన్‌లో దొంగ రేడియోగా మొదలై 2010లో లైసెన్సు పొందిన స్టేషన్, ఈ సంగీతాన్ని పెంచింది అదే. ఎన్‌టీఎస్ రేడియో మరొకటి. రెండూ బ్రౌజర్‌లో ఉచితం. కళాకారులు పాటలు అమ్ముకునే సైట్ బ్యాండ్‌క్యాంప్‌లో చాలా ఆల్బమ్‌లను కొనకముందే వినవచ్చు. కొంటే నాణ్యత తగ్గని ఎఫ్ఎల్ఏసీ ఫైలు మీ సొంతం అవుతుంది.

ప్రశ్న: ఎల్‌డాక్ ఉన్న ఇయర్‌బడ్స్‌కు మారితే బాస్ పెరుగుతుందా? (విశాఖపట్నం)

జవాబు: పెరగదు. ఎల్‌డాక్ ఒక కోడెక్, అంటే బ్లూటూత్‌లో పాటను కుదించి పంపే పద్ధతి. వాటిలో అన్నిటికన్నా పాతదైన ఎస్‌బీసీ కూడా దాదాపు 328 కేబీపీఎస్ దగ్గర బాస్‌ను చక్కగా మోస్తుంది. కోడెక్‌ల మధ్య తేడా ఉంటే పై స్వరాల్లో ఉంటుంది. పాట ఉన్నట్టుండి పాత టెలిఫోన్‌లా మారిపోతే మాత్రం కారణం వేరు. వెనుక ఏదో కాల్ యాప్ ఇయర్‌బడ్స్ మైక్‌ను పట్టుకుని ఉంటుంది. అప్పుడు లింక్ కాల్ మోడ్‌లోకి దిగి మోనో అవుతుంది. ల్యాప్‌టాప్‌లో వింటుంటే ఆ యాప్‌లో మైక్‌గా ల్యాప్‌టాప్ మైక్ ఎంచుకోండి. ఇక ఇయర్‌బడ్స్‌తో వచ్చే యాప్‌లు లొకేషన్, కాంటాక్ట్స్ అడగడం నాకు ఒళ్లు మండించే విషయం. ఆండ్రాయిడ్ 12 నుంచి ‘దగ్గరలోని పరికరాలు’ అనే పర్మిషన్ ఒక్కటి చాలు. మిగతావి నిరాకరించండి.

ప్రశ్న: డీజే యాప్ నా డబ్‌స్టెప్ ట్రాకుల్లో కొన్నిటికి 140 బీపీఎం (నిమిషానికి బీట్‌లు), కొన్నిటికి 70 చూపిస్తోంది. ఏది నిజం? (హైదరాబాద్)

జవాబు: 140. డబ్‌స్టెప్‌లో కిక్ (పెద్ద డ్రమ్ దెబ్బ) మొదటి బీట్‌పై, స్నేర్ (చురుకైన చిన్న డ్రమ్ దెబ్బ) మూడో బీట్‌పై పడుతుంది. అందుకే పాట సగం వేగంతో నడుస్తున్నట్టు అనిపిస్తుంది, యాప్ కూడా అలాగే మోసపోతుంది. యాప్‌లోని ‘రెట్టింపు’ బటన్ నొక్కండి. 85 అని చూపించేవి డబ్‌స్టెప్ కాకపోవచ్చు. 170కి మార్చి చూడండి, బహుశా డ్రమ్ అండ్ బాస్ అనే మరో వేగమైన శైలి అయి ఉంటుంది.

ప్రశ్న: డబ్‌స్టెప్ అని వెతికితే రంపం కోత శబ్దాలే వస్తున్నాయి. మీరు చెప్పే మెత్తటి బాస్ ఎక్కడ? (రాజమహేంద్రవరం)

జవాబు: మీ తప్పేమీ లేదు. అమెరికన్ నిర్మాత స్క్రిలెక్స్ 2010 ఈపీ (చిన్న ఆల్బమ్) తర్వాత, 2012లో అతనికి మూడు గ్రామీలు వచ్చాక, ఆ గర్జించే శైలే డబ్‌స్టెప్‌గా ప్రపంచానికి తెలిసింది. ఆ గర్జన సబ్‌కు పైన, మధ్య స్వరాల్లో ఉంటుంది కాబట్టి ల్యాప్‌టాప్ స్పీకర్‌లోనూ మోగుతుంది. అదీ ఒక కళే, ఇష్టమైతే వినండి. కానీ సిఫార్సులు చేసే యాప్‌కు మీ స్పీకర్‌లో సబ్ వినబడిందో లేదో తెలియదు. మీరు ముప్పై సెకన్లలో పాట దాటేశారన్నదే దానికి కనిపిస్తుంది. డీజేలు కలుపుకోవడానికి వీలుగా నిమిషం పాటు నెమ్మదిగా మొదలయ్యే ట్రాకు ఆ లెక్కలో ఓడిపోతుంది.

ఈ సంగీతాన్ని పాట పేరుతో కాక లేబుల్ (పాటను విడుదల చేసే సంస్థ) పేరుతో వెతకాలి. దురదృష్టం ఏమిటంటే స్ట్రీమింగ్ యాప్‌లు లేబుల్ పేరును ఆల్బమ్ పేజీ అట్టడుగున, కాపీరైట్ వరుసలో చిన్న అక్షరాల్లో పడేస్తాయి. ఎవరు ప్రచురించారో తెలియకుండా చేస్తే వినేవాడికి దారి ఎలా దొరుకుతుంది? అక్కడ టెంపా, డీఎంజెడ్, డీప్ మెడి, హైపర్‌డబ్ అని కనిపిస్తే ఆగి వినండి. టెంపాలో హార్స్‌పవర్ ప్రొడక్షన్స్ 2002 ఆల్బమ్ వింటే టూ-స్టెప్ గరాజ్ అనే అంతకుముందటి లండన్ నృత్య శైలి నుంచి ఈ సంగీతం ఎలా విడివడిందో తెలుస్తుంది. 2005లో వచ్చిన స్క్రీమ్ ‘మిడ్‌నైట్ రిక్వెస్ట్ లైన్’ తర్వాతి మెట్టు. మాలా 2006లో స్థాపించిన డీప్ మెడిలో బాస్ బరువు ఎక్కువ. హైపర్‌డబ్‌పై 2007లో వచ్చిన బరియల్ ‘అన్‌ట్రూ’ మాత్రం సాధారణ హెడ్‌ఫోన్స్‌లోనూ అందుతుంది. సబ్‌వూఫర్ లేనివాళ్లు దానితోనే మొదలుపెట్టడం మేలు.

వినే ముందు యాప్‌లో క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరను తర్వాతి పాటతో కలిపేది) సున్నాకు తెచ్చి, ఆటోప్లే ఆపండి. లేకపోతే ఆల్బమ్ అయిపోగానే మళ్లీ రంపం కోతే మొదలవుతుంది.