క్లచ్ పెడల్ దిగిపోతుంటే గేర్‌బాక్స్ జోలికి అప్పుడే వెళ్లకండి

పొద్దున్నే రివర్స్ వేస్తే గరగరమంటోంది, క్లచ్ పెడల్ మెత్తగా కిందికి దిగిపోతోంది, మెకానిక్ గేర్‌బాక్స్ దించాలంటున్నాడు అన్నారు కదండీ, కాస్త ఆగండి. మీది 1990ల నాటి మజ్దా ఎంఎక్స్-5 కారు కాబట్టి నా మొదటి అనుమానం స్లేవ్ సిలిండర్ (పెడల్ తొక్కినప్పుడు ఫ్లూయిడ్ ఒత్తిడితో క్లచ్‌ని విడదీసే చిన్న సిలిండర్) మీదే.

ఇంజిన్ ఆన్‌లో ఉంచి, పెడల్ గబగబా నాలుగైదుసార్లు తొక్కి వెంటనే రివర్స్ వేసి చూడండి. సాఫీగా పడిందంటే తప్పు చాలావరకు క్లచ్ హైడ్రాలిక్స్‌దే, అంటే పెడల్ ఒత్తిడిని క్లచ్‌కి చేరవేసే ఫ్లూయిడ్ వ్యవస్థదే. తర్వాత కారు కింద దూరి (జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు, స్టాండ్లు పెట్టండి) గేర్‌బాక్స్ పక్కన రెండు బోల్టులతో బిగించి ఉండే స్లేవ్ సిలిండర్ రబ్బరు తొడుగు కొంచెం వెనక్కి లాగండి. వేలికి నల్లటి తడి అంటిందా, దొంగ దొరికినట్టే.

నేను స్లేవ్ ఒక్కటే మార్చి చేతులు దులుపుకున్నాను, మూడు నెలలు తిరక్కుండానే మాస్టర్ సిలిండర్ (పెడల్ వైపు ఉండి ఫ్లూయిడ్‌ని నెట్టేది) కారి పెడల్ దగ్గర కార్పెట్ తడిసింది, మళ్లీ అదే పని మొదటినుంచి. అందుకే రెండూ కలిపి మార్చేయండి, పాత రబ్బరు హోస్ కూడా. స్లేవ్ విప్పాక మాత్రం పొరపాటున కూడా పెడల్ తొక్కొద్దు, పిస్టన్ బయటికి ఎగిరొస్తుంది.

కొత్త డాట్ 4 ఫ్లూయిడ్ (బ్రేక్ ఫ్లూయిడ్‌లో ఒక రకం) పోసి, గాలి బుడగలు ఆగేదాకా బ్లీడ్ చేయండి, అంటే లోపలి గాలి బయటికి తీసేయండి. ఒలికితే వెంటనే నీళ్లతో కడిగేయండి, పెయింట్ లేచిపోతుంది. ఇదంతా చేసినా గేర్ గరగరమంటూనే ఉంటే అప్పుడు ఆలోచిద్దాం గేర్‌బాక్స్ సంగతి.