కవలల్లో పాప బరువు పెరగట్లేదు.. గాడిద పాలు పట్టమంటున్నారు, పట్టొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది జగిత్యాల జిల్లాలో ఒక పల్లె. మా అమ్మాయికి తొలి కాన్పులోనే కవలలు పుట్టారు. ఒక బాబు, ఒక పాప. 33 వారాలకే ఆపరేషన్ చేసి తీశారు. పుట్టినప్పుడు బాబు 1,850 గ్రాములు, పాప 1,520 గ్రాములు. పెద్దాసుపత్రిలో 16 రోజులు ఉంచుకుని ఇంటికి పంపారు. అప్పటికి బాబు 1,960, పాప 1,560 ఉన్నారు. నిన్నటికి 24 రోజులు. అదే ఆస్పత్రిలో, అదే మిషన్ మీద తూయిస్తే బాబు 2,180, పాప 1,640 వచ్చారు. ఇద్దరికీ తల్లిపాలే. పాప రొమ్ము పట్టుకుని ముప్పావు గంట ఉంటుంది కానీ మధ్యలోనే నిద్రపోతుంది. ఆకలేసినా ఏడవదు. అమ్మాయి రోజుకు మూడుసార్లు పాలు పిండితే ఒక్కోసారి 30 మి.లీ. వస్తున్నాయి, అవి పాపకే చెంచాతో పడుతున్నాం. తనకు పాలు చాలట్లేదని అమ్మాయికి ఒకటే టెన్షన్. గాడిద పాలు పడితే ఒళ్లు చేస్తారని ఊళ్లో అంటున్నారు. డబ్బా పాలు మొదలుపెట్టమని ఇంకొందరు. ఏం చేయమంటారు? 21వ రోజు చేయలేకపోయిన తొట్టెల ఫంక్షన్ వచ్చే వారం పెట్టుకోవచ్చా?

జవాబు: అమ్మా, బరువులన్నీ రోజులతో సహా రాశారు కాబట్టి సూటిగానే చెప్పగలను. ఇంటికొచ్చిన 8 రోజుల్లో బాబు 220 గ్రాములు పెరిగాడు. అంటే రోజుకు 27 గ్రాముల పైమాటే. అతని గురించి బెంగ లేదు. పాప మాత్రం 80 గ్రాములే పెరిగింది, రోజుకు 10. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు ఈ బరువులో ఉన్నప్పుడు, ఉన్న ప్రతి కిలోకూ రోజుకు కనీసం 15 గ్రాములు పెరగాలని మేం చూస్తాం. పాపకు ఆ లెక్కన రోజుకు దాదాపు 24 గ్రాములు రావాలి. అందులో సగం కూడా రావట్లేదు. ఇద్దరినీ ఒకే మిషన్ మీద తూచారు కనుక తూకం తేడా అని సరిపెట్టుకోవడానికీ లేదు.

అందుకని ఈ రెండు మూడు రోజుల్లోనే పాపను అదే ఆస్పత్రిలో చూపించండి. ఎక్కువ శాతం ఇలాంటి పిల్లల్లో కడుపులోకి వెళ్లే పాలు తక్కువ కావడమే కారణం. కానీ ఇన్ఫెక్షన్, రక్తం తక్కువగా ఉండటం, గుండెలో ఏదైనా లోపం లేవని ఒకసారి తేల్చుకోవాలి. పాలు తాగేటప్పుడు ఆయాసపడుతోందా, నుదుటి మీద చెమటలు పడుతున్నాయా అన్నది గమనించి డాక్టర్‌కు చెప్పండి. ఉత్తరం చదివి ఆ పరీక్ష నేను చేయలేను.

ఇక పాలు చాలట్లేదన్న మాట. ఉత్త తల్లిపాలతోనే బాబు రోజుకు 27 గ్రాములు పెరిగాడంటే మీ అమ్మాయికి పాలు లేవని ఎలా అంటాం? లెక్క వేద్దాం. ఈ వయసులో కిలో బరువుకు రోజుకు 150 నుంచి 180 మి.లీ. పాలు కావాలి. పాపకు రోజు మొత్తానికి సుమారు 260, బాబుకు సుమారు 350 మి.లీ. అనుకోండి. ఇద్దరికీ కలిపితే 600 దాటి కొంచెం. నెలలు నిండి పుట్టిన ఒక్క బిడ్డే నెల వయసులో రోజుకు దాదాపు 750 మి.లీ. తాగుతుంది. అంటే ఈ ఇద్దరికీ సరిపడా పాలు ఇవ్వడం ఒక తల్లికి మించిన పనేమీ కాదు. ఈ లెక్క మీ అమ్మాయికి చదివి వినిపించండి.

అసలు ఇబ్బంది పాపకున్న ఓపికలో ఉంది. పీల్చడం, మింగడం, ఊపిరి తీసుకోవడం, ఈ మూడూ ఒక వరసలో కుదరడం సుమారు 34 వారాలకు మొదలవుతుంది. మీ పాపకు కడుపులో ఉన్న రోజులు, బయట ఉన్న రోజులు కలిపితే ఇప్పుడు 36 వారాలు దాటాయి. పీల్చడం వచ్చింది, ఎక్కువసేపు పీల్చే బలం ఇంకా రాలేదు. ముప్పావు గంట రొమ్ము మీద ఉంటే అంతసేపూ తాగుతోందని కాదు. కాసేపు తాగి, అలసిపోయి, రొమ్ము నోట్లో పెట్టుకునే నిద్రపోతోంది. పైగా ఆ పీల్చే శ్రమకే తాగిన పాలలో కొంత ఖర్చవుతోంది.

కాబట్టి పాపకు పద్ధతి మార్చండి. రొమ్ము దగ్గర 10 నుంచి 15 నిమిషాలు చాలు. గుటక వేస్తున్న చప్పుడు ఆగిపోయిందంటే తాగడం అయిపోయినట్టే. వెంటనే పిండి ఉంచిన పాలు ఉగ్గుగిన్నెతో పట్టండి. ఆస్పత్రిలో నర్సులు పలాడై అంటారే, అదే. చెంచా కంటే దీంతో పాలు ఒలికిపోవడం తక్కువ, బిడ్డకు అలసట తక్కువ. పాపను ఒళ్లో సగం కూర్చున్నట్టుగా పట్టుకుని, గిన్నె ముక్కును కింది పెదవి మీద ఆనించి, తనే చప్పరించేలా కొద్దికొద్దిగా వంచాలి. గొంతులో పోయకూడదు. నిద్రలో ఉన్నప్పుడు అసలే పట్టకూడదు, పొరబోతుంది. రొమ్ము నుంచి ఎంత తాగిందో మనకు తెలియదు కనుక మొదట ఒక్కోసారికి 15 నుంచి 20 మి.లీ. ఇచ్చి చూడండి. నోరు మూసుకుని తల తిప్పేసుకుంటే బలవంతం వద్దు. ఎంత పెంచాలో డాక్టర్ తూకం చూసి చెబుతారు. రొమ్ము, ఉగ్గుగిన్నె అంతా కలిపి అరగంట, మహా అయితే 40 నిమిషాల్లో అయిపోవాలి. మిగతా టైమంతా పాప పడుకుని పెరగాలి.

ఏడిస్తే పడదాం అని మాత్రం ఎదురుచూడకండి. ఇంత చిన్న పిల్లలు ఆకలైతే ఏడవరు, ఇంకా మత్తుగా పడుకుంటారు. చూసేవాళ్లకు 'ఎంత బుద్ధిమంతురాలో' అనిపిస్తుంది. రెండు గంటలకోసారి, రాత్రి కూడా, గడియారం చూసి లేపాలి. గుడ్డ విప్పండి, డైపర్ మార్చండి, అరికాళ్లు మెల్లగా రుద్దండి, లేస్తుంది. 24 గంటల్లో ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తే పాలు అందుతున్నట్టు. సీసా పీక జోలికి వెళ్లొద్దు. అది శుభ్రం చేయడం కష్టం, రొమ్ము పట్టే అలవాటూ చెడుతుంది.

మరి ఉగ్గుగిన్నెలోకి పాలు కావాలి కదా. మూడుసార్లు పిండటం సరిపోదు, ఎనిమిది సార్లు కావాలి, అందులో ఒకటి రెండు రాత్రిపూట. పాలు చెలమలో నీళ్లలాంటివి, తోడేకొద్దీ ఊరతాయి. అన్నిసార్లు అనగానే మీ అమ్మాయి హడలిపోతుందని తెలుసు, అందుకే తేలిక దారి చెబుతాను. బాబు ఒక రొమ్ము తాగుతుంటే రెండో రొమ్ము నుంచి పాలు వాటంతట అవే కారతాయి. అప్పుడే ఆ పక్క గిన్నె పెట్టి పిండేస్తే సగం పని అయిపోతుంది. మొదట వచ్చే పాలు పలచగా ఉంటాయి, చివర్లో వచ్చేవి చిక్కగా, కొవ్వుతో ఉంటాయి. పాప బరువుకు కావలసినవి ఆ చివరి పాలే. అందుకని ధార తగ్గగానే ఆపేయకుండా రొమ్ము మెత్తబడే దాకా పిండాలి. పిండిన పాలు మూత పెట్టి చల్లటి చోట ఉంచితే నాలుగు గంటలు, ఫ్రిజ్ లోపలి అరలో అయితే ఒక రోజు ఉంటాయి. ఎండాకాలంలో ఫ్రిజ్‌లోనే పెట్టండి. గోరువెచ్చని నీళ్ల గిన్నెలో ఉంచి వేడి తగిలించాలి తప్ప పొయ్యి మీద కాచకూడదు.

ఇక్కడ మీ వంతు ఒకటుంది, ఏమీ అనుకోకండి. చాలా ఇళ్లలో బాలింతకు పథ్యమని కారప్పొడి, వెల్లుల్లితో అన్నం పెట్టి, నీళ్లు కూడా కొలిచి ఇస్తారు. ఇద్దరు బిడ్డలకు పాలివ్వాల్సిన తల్లికి అది తగదు. పప్పు, ఆకుకూరలు, గుడ్డు, పెరుగు, పండ్లు, మాంసం తినేవాళ్లయితే మాంసం, అన్నీ పెట్టండి. మామూలుగా తినేదానికి మరో పూట భోజనం అదనంగా పడాలి. దాహమైనప్పుడల్లా నీళ్లు తాగనివ్వండి. ఆపరేషన్ కుట్లకు నీళ్లు తాగితే చీము పడుతుందన్నది వట్టి మాట. వెల్లుల్లి, మెంతులు తిననివ్వండి, తప్పేం లేదు, కానీ వాటి మీదే భారం వేయకండి.

గాడిద పాలు వద్దు. ఒక్క చెంచా కూడా వద్దు. వీధిలోకి గాడిదను తోలుకొచ్చి అప్పటికప్పుడు పిండి, చెంచాల లెక్కన అమ్ముతారు, ఉబ్బసం రాదని, ఒళ్లు చేస్తుందని చెబుతారు. ఒళ్లు చేయడానికి కావలసింది కొవ్వు. గాడిద పాలలో ఉండేదే చాలా కొద్దిగా, తల్లిపాలలో కంటే బాగా తక్కువ. పైగా అవి పచ్చి పాలు, పిండేవాళ్ల చేతులకూ పొదుగుకూ ఉన్న క్రిములు నేరుగా ఈ కిలోన్నర బిడ్డ పేగుల్లోకి వెళతాయి. నెలలు నిండని పిల్లల పేగులు ఇంకా పూర్తిగా తయారు కాలేదు, అక్కడ ఇన్ఫెక్షన్ వస్తే ప్రాణం మీదికి వస్తుంది. తేనె, వస, ఆముదం, గ్రైప్ వాటర్, చక్కెర నీళ్లు, ఆవు పాలు, గేదె పాలు, ప్యాకెట్ పాలు.. అన్నింటికీ ఇదే జవాబు.

డబ్బా పాల మాట వేరు. అవి విషమేమీ కాదు. పైన చెప్పినవన్నీ చేశాక కూడా పాలు చాలకపోతే, డాక్టర్ చెప్పిన మేరకు నెలలు నిండని పిల్లల కోసం తయారుచేసిన పొడి వాడొచ్చు. అందుకు మీ అమ్మాయి తప్పు చేసినట్టు బాధపడక్కర్లేదు. కాకపోతే పొడి ఎక్కువ రోజులు రావాలని నీళ్లు ఎక్కువ కలుపుతుంటారు. డబ్బా తాగుతున్నా బిడ్డ ఎండిపోతోందని వచ్చే చాలామంది ఇళ్లలో జరిగేది ఇదే. డబ్బా మీద రాసిన కొలతకు అటూ ఇటూ పోకూడదు. ఇంకో సంగతి, తల్లిపాలు సరిపడా పట్టినా బరువు రాకపోతే అవే పాలలో కలిపే ప్రత్యేక పొడి ప్యాకెట్లు ఉంటాయి. పాప పుట్టిన బరువును బట్టి డాక్టర్ దాన్ని రాసినా రాయొచ్చు. అది మీ అంతట మీరు కొని కలిపేది కాదు.

నన్నడిగితే, పాలతో సమానంగా పనిచేసేది కంగారూ పద్ధతి. 1978లో కొలంబియాలోని బొగొటాలో, ఇంక్యుబేటర్లు చాలని ఒక ఆస్పత్రిలో మొదలైంది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ నెలలు నిండని పిల్లలందరికీ రోజుకు 8 గంటల నుంచి, వీలైతే రోజంతా, ఇది చేయమంటోంది. పాపకు డైపర్, టోపీ, సాక్సులు మాత్రమే ఉంచి, తల్లి రెండు రొమ్ముల మధ్య ఛాతీకి ఛాతీ ఆనేలా నిలువుగా పడుకోబెట్టి, తల ఒక పక్కకు తిప్పి, మెత్తటి చున్నీతో కట్టేయాలి. ముక్కు, నోరు కనిపిస్తూ ఉండాలి. ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికి ఖర్చయ్యే శక్తి మిగిలి బరువుగా మారుతుంది, తల్లికి పాలూ బాగా పడతాయి. తల్లే చేయాలని లేదు. దగ్గు, జలుబు, చర్మ జబ్బులు లేకపోతే మీరు చేయొచ్చు, మీ అల్లుడు చేయొచ్చు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఇది వంతులు వేసుకుని చేయాల్సిన పనే. పాపకు ఇప్పుడే తలంటు స్నానాలు, నలుగులు, సాంబ్రాణి పొగ వద్దు. తడిగుడ్డతో తుడిస్తే చాలు.

డిశ్చార్జి కాగితంలో విటమిన్ డి చుక్కలు, ఐరన్ చుక్కలు రాశారేమో చూడండి. సాధారణంగా రోజుకు 400 యూనిట్ల విటమిన్ డి ఇస్తాం. మన షాపుల్లో మి.లీ.కి 400 ఉన్న సీసాలూ ఉన్నాయి, 800 ఉన్నవీ ఉన్నాయి. సీసా మారితే కొలత మారుతుంది, అడిగి వేయండి. తూకం వారానికి రెండుసార్లు, అదే మిషన్ మీద, బట్టల్లేకుండా చూస్తే చాలు. రోజూ తూచి బెంగపెట్టుకోవద్దు, బాబుతో పోల్చనూ వద్దు.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి, అది అన్నిటికంటే తొందర పనుల్లో ఒకటి. 34 వారాల లోపు గానీ, 2 కిలోల లోపు గానీ పుట్టిన పిల్లలకు కంటి లోపల వెనక వైపు ఉండే రెటీనా పరీక్ష 30 రోజుల లోపు జరగాలి. మీ ఇద్దరు పిల్లలకూ అది అవసరం, మీ చేతిలో వారం కూడా లేదు. బయటికి కళ్లు చక్కగానే కనిపిస్తాయి, లోపల దెబ్బతింటుంటే మనకు తెలియదు. సకాలంలో పట్టుకుంటే లేజర్‌తో చూపు కాపాడొచ్చు. పాపను చూపించడానికి వెళ్లినప్పుడే ఇద్దరికీ ఎక్కడ చేయిస్తారో అడగండి. దగ్గర్లో లేకపోతే హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి లాంటి చోటికి వెళ్లాలి. టీకాలు మాత్రం పుట్టిన తేదీ ప్రకారమే, ఆరు వారాలకు ఆరు వారాలే.

వరసగా రెండుసార్లు పాలు తాగకపోయినా, ఒళ్లు చల్లబడినా, జ్వరం వచ్చినా, నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి తీసుకుంటున్నా, పెదాలు నీలంగా మారినా, పొట్ట ఉబ్బినా, ఆకుపచ్చ వాంతి లేదా విరేచనంలో రక్తం కనిపించినా, అరచేతులు అరికాళ్లు పసుపుగా మారినా తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేసి, దారిలో బిడ్డను ఛాతీకి ఆనించుకునే తీసుకెళ్లండి.

తొట్టెల ఫంక్షన్ వచ్చే వారం వద్దమ్మా. డాక్టర్ ఇచ్చిన అసలు కాన్పు తేదీ ఎప్పుడో చూసుకోండి. అది దాటి, పాప కూడా రెండున్నర కిలోలకు వచ్చాక పెట్టుకోండి. అప్పుడైనా దగ్గు, జలుబు ఉన్నవాళ్లను పిల్లల దగ్గరికి రానివ్వకండి. పేరు ముందే పెట్టాలనుకుంటే ఇంట్లోవాళ్ల మధ్య పెట్టేసుకోండి, దానికి అడ్డేమీ లేదు.